ఓడే జట్టు కోసం ఊపిరి పట్టే ఊరు

పెళ్లిచూపుల రోజు మా ఆయన కబడ్డీ ఆడతాడని చెప్పారు. ఓడిపోతాడని చెప్పలేదు.

ఇది నాకు చిన్న విషయం కాదు. మాది గోనెగండ్ల పక్కన ఒక పల్లె. మా ఇంట్లో అన్నలిద్దరికీ నాకూ క్రికెట్టు పిచ్చి. మనవాళ్లు ఆడుతుంటే అన్నం కంచాలు టీవీ ముందుకే వచ్చేవి. ఓడిపోతున్నారని అనుమానం వచ్చిందంటే మాత్రం నేను లేచి టీవీ కట్టేసేదాన్ని. రిమోటు బియ్యం డబ్బాలో దాచిన రోజులు కూడా ఉన్నాయి. అన్నలు అరిచేవాళ్లు, నేను అంతకన్నా గట్టిగా అరిచేదాన్ని. ఓడిపోయే ఆటను చివరిదాకా కూర్చుని చూసేవాళ్లకు సిగ్గూ శరం లేవని నా గట్టి నమ్మకం. గెలిచేటప్పుడు చూడాలి, చప్పట్లు కొట్టాలి, ఓడేటప్పుడు పోయి గిన్నెలు తోముకోవాలి.

అలాంటిదాన్ని తీసుకెళ్లి హాలహర్వి అవతల, కర్ణాటక అంచున ఉన్న ఒక ఊళ్లో ఇచ్చారు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే ఊరు. ఆ ఊరికి ఒక కబడ్డీ జట్టు ఉంది. దానికి మా ఆయన కెప్టెన్. జాతరల్లో పోటీలు ఎక్కడ పెట్టినా వెళ్తారు, ఆడతారు, ఓడి వస్తారు. అసలు ఎప్పుడూ గెలవలేదా అని పెళ్లయిన కొత్తలో అడిగాను. ఒకసారి ఎదుటి జట్టు జీపు దారిలో చెడిపోయి రాలేకపోతే వీళ్లే గెలిచినట్టు ప్రకటించారట. దాన్ని మావాళ్లు లెక్కలోకి తీసుకోరు.

ఆట చూసి తిరిగొచ్చిన ఆడవాళ్లను ఏమైందని అడిగితే, "సోతుపోయినాము" అనేవాళ్లు. అంటే ఓడిపోయామని. ఆ ఊళ్లో నేను మొట్టమొదట నేర్చుకున్న కన్నడం మాట అదే. నేర్చుకోవడానికి అవకాశాలు బాగానే దొరికాయి.

ఓడిపోవడానికి కారణం నాకు తర్వాత తెలిసింది. మా ఊళ్లో వాన సరిగా పడని ఏడు, పడిన ఏడైనా కోతలు అయిపోయాక, సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పిల్లాజెల్లాతో పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. జట్టులో మా ఆయన తప్ప మిగతావాళ్లంతా సుగ్గికి పోయేవాళ్లే. జాతర రోజున అక్కడి నుంచి బస్సెక్కి నేరుగా ఆటకు వస్తారు, ఆట కాగానే మళ్లీ బస్సెక్కి వెళ్లిపోతారు. అందరూ కలిసి సాధన చేయడం అనేదే లేదు. కలుసుకోవడమే గీతల మధ్య కలుసుకుంటారు.

అయినా ఊళ్లో మిగిలినవాళ్లు ఊరుకోరు. జాతర వచ్చిందంటే ట్రాక్టరు ట్రాలీలో బొంతలు పరుచుకుని, సద్ది మూటలు కట్టుకుని బయల్దేరతారు. అందరికన్నా ముందు ట్రాలీ ఎక్కేది మా అత్త. కొడుకు ఓడిపోతుంటే చూడటానికి అంత ఉత్సాహంగా పోయే తల్లిని నేను ఎక్కడా చూడలేదు. నేను మాత్రం తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయేదాన్ని. కట్టేద్దామంటే అక్కడ టీవీ కూడా కాదు కదా.

ఆ ఏడు ఎమ్మిగనూరు జాతర దగ్గర పడుతుండగా, మా ఆయన పశువులకు మేత వేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు.

"ఈసారి ఓడితే జట్టు ఇడిసిపెడతాము. అందరికీ సెప్పేసినా."

"ఏంటికి?"

"పోయినసారి మైకులో ఆయప్ప ఏమన్నాడో నీకు తెల్దు. ఈ ఊరోళ్లతో ఆట పడిందంటే ఎదురు జట్టుకు ఆ పొద్దు సెలవు అన్నాడు. జనమంతా నగినారు. నన్ను సూసి నగితే నాకేం కాదు. మనూరోళ్లు బండి కట్టుకోని వచ్చి కూర్సున్నారు, వాళ్లను సూసి నగినారు. ఓడే జట్టును సూసి వాళ్లకు ఏమి సుఖం సెప్పు. మాయమ్మకు ఏమి సుఖం."

నేను ఏళ్ల తరబడి అన్నలతో వాదించిన మాటే ఆయన నోట వచ్చింది. సంతోషించాల్సింది, కానీ సంతోషం కలగలేదు. పొలంలో ఏది పోయినా ఇట్లా దిగాలుపడిన మనిషి కాదు. చిన్నప్పటి నుంచి ఆయనకు ఉన్న ఒకే ఒక్క పిచ్చి ఈ ఆట.

"ఒకసారన్నా వచ్చి సూడు. మళ్లా ఉండదు," అన్నాడు.

తలనొప్పి సంగతి ఇక ఎత్తలేకపోయాను. జాతర రోజు చీకటి విడవకముందే అందరితో పాటు ట్రాలీ ఎక్కాను. మా అత్త నాకు తన పక్కనే బొంత సర్ది చోటిచ్చింది. కొడుకు నిర్ణయం ఆమెకూ తెలుసు, ట్రాలీలో ఉన్న అందరికీ తెలుసు. ఆదోనిలో ఆగి ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. ఎమ్మిగనూరు చేరేసరికి ఎండ ఎక్కింది.

ఆటగాళ్లు మాకన్నా ముందే చేరుకున్నారు. మైదానం అంచున వేపచెట్టు కింద కూర్చుని టీ తాగుతున్నారు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన కళ్లు. వాళ్ల చేతులు చూశాను. మిరపకాయలు కోసి కోసి వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మా ఆయన ట్రాలీ దిగి వాళ్లకు ఎర్ర బనీన్లు పంచాడు. అవతలి జట్టు పట్నంవాళ్లది. అందరికీ ఒకే రంగు బూట్లు, మోకాళ్లకు పట్టీలు. నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి వాళ్లకు ఒక మనిషి తువ్వాళ్లు అందిస్తున్నాడు. వాళ్లను చూడగానే ఆట అయిపోయిందని నాకు అర్థమైంది. ఇంటికి పోదామా అని అడగడానికి మా అత్త వైపు తిరిగాను. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, సున్నం గీతకు వీలైనంత దగ్గరగా జరిగి కూర్చుంటోంది.

ఆట మొదలైంది. మొదటి కూతకే అవతలివాడు వచ్చి ఇద్దరిని ముట్టుకుని పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు మావాళ్లు పట్టుకున్నారు. పట్టు పడ్డవాడు లేచి కళ్లు నులుముకుంటూ గంతులు వేయసాగాడు. మావాళ్ల చేతుల కారం వాడి కళ్లకు అంటుకుంది. రెఫరీ ఆట ఆపి మావాళ్లను చేతులు కడుక్కు రమ్మన్నాడు.

"కడిగితే పోయేదా సార్ అది. సుగ్గి అయిపోయినా నెల దినాలుంటాది," అన్నాడు మా జట్టు పెద్దాయన. ఆయన మా ఆయనకన్నా వయసులో బాగా పెద్ద, మనవరాలు కూడా ఉంది. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కారం పెట్టి గెలిచామని కూడా ఎవరూ అనలేరు, కారం ఉండి కూడా ఓడుతున్నాం.

మావాళ్లలో ఒకడు కూతకు బయల్దేరాడు. నాకు ఆట చూడటమంటే అరవడమే. లేచి నిలబడి, "పో, పో, ఎడమ పక్క, ఎడమ పక్క" అని గొంతు చించుకున్నాను. మా అత్త నా మోకాలు పట్టుకుని కిందికి లాగింది.

"అరసొద్దు. దమ్ము పట్టు."

"ఏమి?"

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పలేదు ఎందుకంటే ఆమె ఊపిరి తీయడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు గీత మీద నిలిపి కూర్చుని ఉంది. ఆమె పక్కనున్న ముసలామె కూడా అంతే. ఆ పక్కన చంకలో బిడ్డతో ఉన్నావిడ కూడా అంతే. తల తిప్పి చూశాను. మా ఊరి మగవాళ్లు, బీడీలు చేతిలోనే కాలిపోతుంటే, పెదవులు బిగించి కూర్చున్నారు. మైదానం చుట్టూ మిగతా ఊళ్ల జనం ఈలలు, కేకలు, డప్పులు. మా మూల ఒక్క చప్పుడు లేదు. అవతలి నుంచి ఎవరో, "వీళ్లేందిరా పీనుగ కాడ కూర్సున్నట్ల కూర్సున్నారు" అనడం వినపడింది.

కూతకు పోయినవాడు పట్టుబడ్డాడు. మా మూలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆ గాలి నా మెడకు తగిలింది.

కొంచెం తేరుకుని అడిగాను. "ఏంది అత్తా ఇది?"

ఈసారి ఆమె మామూలుగా చెప్పింది. రోజూ పప్పులో ఉప్పు వేయమని చెప్పే గొంతుతోనే చెప్పింది. "వాడు గీత దాటి పోయినాడంటే, మళ్లా వచ్చేదంకా దమ్ము ఇడువకూడదు కదా. వానికొక్కనికే ఏంటికి కష్టం. అందరమూ పడతాము."

"నువ్వు పడితే వాని దమ్ము పెరుగుతాదా?"

"అది నాకు తెల్దమ్మా. పట్టకుంటే నాకు మనసు ఒప్పదు."

ఇది ఎవరు మొదలుపెట్టారో, ఎప్పటి నుంచి ఉందో ఊళ్లో ఎవరికీ తెలియదు. తర్వాత చాలామందిని అడిగాను. అట్లనే సూస్తాము కదా, ఇంగెట్ల సూస్తారు అని నన్నే ఎదురు అడిగారు. ఆట చూడటమంటే అదేనని వాళ్ల లెక్క. అరిచేవాళ్లను చూసి వాళ్లకు ఆశ్చర్యం. తమవాడు ఊపిరి బిగబట్టి శత్రువుల మధ్య తిరుగుతుంటే ఒడ్డున కూర్చుని కడుపు నిండా గాలి పీల్చుకుని కేకలు ఎట్లా వేస్తారో వాళ్లకు అంతుబట్టదు.

ఆ తర్వాత నేను అంకెల పలక వైపు చూడటం మానేశాను. మానేశానని కూడా నాకు తెలియలేదు. మావాడు ఒకడు గీత దాటగానే నోరు మూసుకుంటున్నాను. కొందరికి కూత తొందరగా ముగిసేది, మేము బతికిపోయేవాళ్లం. ఆ పెద్దాయనకు వయసు మీద పడినా దమ్ము ఎక్కువ. ఆయన వెళ్లినప్పుడు నా చెవుల్లో హోరు మొదలయ్యేది, గుండె దబదబ కొట్టుకునేది, ఇక నావల్ల కాదనుకునేసరికి ఆయన గీత మీద చెయ్యి వేసేవాడు. ఒకరిని ముట్టుకుని వస్తే ఒక పాయింటు. నాకు మాత్రం నీళ్లలో మునిగి పైకి తేలినట్టుండేది. నా జీవితంలో ఇన్ని వందల గంటలు ఆటలు చూశాను. ఆటగాడి ఒంట్లో ఏం జరుగుతుందో నా ఒంటికి తెలియడం అదే మొదటిసారి.

ఓడిపోతూనే ఉన్నాం. అది దాచేదేమీ లేదు. చివరికి వచ్చేసరికి మావాళ్లందరూ అవుటై గీత బయట వరసగా కూర్చున్నారు. లోపల మా ఆయన ఒక్కడే మిగిలాడు. అవతల ఏడుగురూ ఉన్నారు. సమయం అయిపోవచ్చింది. ఆ కూతకు వెళ్లినా, వెళ్లకుండా గీత దగ్గర తచ్చాడి వచ్చినా ఫలితం మారదు. ఆ సంగతి మైదానంలో అందరికీ తెలుసు. మైకు పట్టుకున్నాయన ఏదో హాస్యం మొదలుపెట్టాడు.

మా ఆయన వంగి మట్టి తీసి చేతులకు రుద్దుకున్నాడు. లోపలికి నడిచాడు.

నేను ఊపిరి పట్టాను. నా పక్కన ఊరంతా పట్టింది. "కబడ్డీ, కబడ్డీ" అన్న ఆయన గొంతు తప్ప నాకేమీ వినపడలేదు. ఇంట్లో ఆ గొంతు పెద్దగా వినపడదు, మెల్లగా మాట్లాడే మనిషి. అక్కడ అది మైదానం చివరిదాకా పాకింది. ఆయన గీత దగ్గర ఆగలేదు. నేరుగా వాళ్ల కోటలోకి, చివరి గీత దాకా పోయాడు. ఒకడి భుజం ముట్టుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి ఆరుగురూ మీద పడ్డారు. ఆయన కనపడలేదు. అన్నీ బూట్లు, వీపులే. కానీ కూత ఆగలేదు. ఆ మనుషుల గుట్ట కింద నుంచి సన్నగా వస్తూనే ఉంది. గుట్ట కొంచెం కదిలింది. దాని కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి మట్టిలో ముందుకు పాకింది. మళ్లీ పాకింది. ఎర్రటి దుమ్ములో ఆ అయిదు వేళ్లు నాకు ఇప్పటికీ కనపడతాయి.

మైకు ఆగిపోయింది. డప్పులు ఆగిపోయాయి. అవతలి ఊళ్ల జనం కూడా, ఏమిటో తెలియకుండానే, నోళ్లు మూసుకున్నారు. అంత పెద్ద జాతరలో ఒక్క మనిషి ఊపిరి చప్పుడు అందరికీ వినపడింది. నా కళ్లకు చీకట్లు కమ్మాయి. ఈయన నా మొగుడా అనిపించింది. రోజూ నా ఎదురుగా కూర్చుని చారులో ఉప్పు తక్కువైందని గొణిగే మనిషేనా అనిపించింది. గుళ్లో కూడా నేను ఎప్పుడూ అంత భక్తిగా నిలబడలేదు.

గీతకు జానెడు దూరంలో కూత తెగిపోయింది.

ఈల మోగింది. మా ఊరు ఊపిరి వదిలింది. అవతలి జట్టువాళ్లు లేచి, గెలిచామని ఎగరకుండా, ముందు ఆయనను లేపి కూర్చోబెట్టారు. తువ్వాళ్ల మనిషి పరిగెత్తుకొచ్చి ఆయనకు నీళ్లు తాగించాడు. మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకుని అంకెలు మాత్రం చదివాడు. ఇంకేమీ అనలేదు.

మా అత్త లేచి గీత దాటి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. ఆమె కొడుకు ముందు కూర్చుని, కొంగుతో ఆయన మొహం మీద మట్టి తుడిచింది. తర్వాత ఆయన గడ్డం పట్టుకుని, "నిన్ను సూసి మనసు సోతుపోయిందప్పా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. సోతుపోవడమంటే ఓడిపోవడం, అది నాకు బాగా తెలిసిన మాట. అంటే ఆమె మనసు ఓడిపోయింది, విరిగిపోయింది. ఈ మనిషి తల్లి బాధపడుతుందనే కదా ఆట మానుకుంటానన్నది. సరిగ్గా ఇప్పుడే ఈమె ఆ మాట అనాలా? నా కోపం సంగతి చెప్పాను కదా. ఆమె రెక్క పట్టుకుని గుంజాను.

"ఏంది అత్తా నువ్వు. ఈ పొద్దన్నా ఆ మాట అనకుంటే ఏమి? ఆయప్ప ప్రాణం పెట్టి ఆడినాడు. మనసు ఇరిగిందని మొగం మింద సెప్తావా?"

అత్త నోరు తెరుచుకుని నన్ను చూసింది. వెనక వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు నవ్వింది మా ఆయన. నవ్వబోయి, పక్కటెముకలు నొప్పెట్టి, పక్కలు పట్టుకుని మళ్లీ నవ్వాడు.

"ఇరిగిందని యారు సెప్పినారమ్మా," అంది అత్త. "ఆటలో ఓడితే సోతుపోయినాడంటాము. మనసు ఒకరి మింద పడిపోయి మళ్లా మన సేతికి రాకుంటే, అప్పుడూ మనసు సోతుపోయిందంటాము. కన్నడంలో అట్లనే. రెండిటికీ అదే మాట."

మన తెలుగులోనూ సోలిపోవడం ఉంది. పాట విని, మత్తెక్కి సోలిపోతాం. చిన్నప్పటి నుంచి వాడుతున్న మాటే. అది ఈ సోతుపోవడానికి, ఓటమికి చుట్టమని నాకు తోచనే లేదు.

అత్త మళ్లీ కొడుకు వైపు తిరిగింది. నవ్వు పోయింది ఆమె మొహంలో. "మాకు ఏమి సుఖం అంటివంట కదా. గెలిసేటోళ్లను సూస్తే సంతోషమే, ఇంటికి పోయి మర్సిపోతాము. నిన్ను సూసినాక నాకు నెల దినాలు అన్నం రుసిగా ఉంటాదప్పా. ఇంగ నీ ఇష్టం."

ఆయన తల వంచుకున్నాడు. ఆయన పాదాల మధ్య మట్టి మీద చుక్కలు పడ్డాయి. అది చెమటో కన్నీళ్లో నేను అడగలేదు.

తిరుగు దారిలో ఆటగాళ్లు కూడా ట్రాలీలోనే మాతో ఆదోని దాకా వచ్చారు. అక్కడి నుంచి వాళ్లు గుంటూరు బస్సు ఎక్కాలి, తెల్లారితే మళ్లీ మిరప చేలో ఉండాలి. దారి పొడవునా ఎవరూ జట్టు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగితే ఆయన ఏం చెబుతాడోనని భయం వేసింది. పొద్దున ఈ జట్టు ఏమైపోయినా నాకు పట్టేది కాదు.

బస్టాండులో బస్సు సిద్ధంగా ఉంది. ఆటగాళ్లు ఎర్ర బనీన్ల మీదే చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. ఎప్పుడూ ఆట కాగానే బనీన్లు తీసుకుని ఇంటికి తెచ్చి, ఉతికించి, మళ్లీ జాతరకు పంచడం మా ఆయన పని. ఈసారి మాత్రం ఎవరిది వాళ్లే ఉంచుకోండి, గుర్తుగా ఉంటాయి అని పొద్దున్నే చెప్పేశాడట. ఆ సంగతి పెద్దాయన బస్సు మెట్టు మీద కాలు పెడుతూ నాతో అన్నాడు. బనీను గుండెల మీద చేత్తో సవరించుకున్నాడు.

మా ఆయన ట్రాలీలోంచి సద్ది కట్టిన బట్ట దులిపి పట్టుకొచ్చాడు. బస్సు తలుపు దగ్గర దాన్ని రెండు చేతులతో పరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"బనీన్లు దీంట్లో ఏయండి," అన్నాడు.

పెద్దాయన మెట్టు దిగి వచ్చి, చొక్కా విప్పి, బనీను తలమీదుగా లాగి ఆ బట్టలో వేశాడు. బస్సు ఎక్కినవాళ్లు కూడా ఒక్కొక్కరే దిగి వచ్చారు. కండక్టరు ఈల ఊదుతున్నాడు, తిడుతున్నాడు. నడి బస్టాండులో చొక్కాలు విప్పి నిలబడ్డ ఆ మగవాళ్లను జనం వింతగా చూస్తూ పోతున్నారు. చివర్న మా ఆయన తన బనీను కూడా విప్పి అందులో వేసి మూట కట్టాడు.

"ఇట్లా తే," అని నేను చెయ్యి చాచాను.

ట్రాలీలో ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు చేరేసరికి వాళ్ల చెమటకు నా చీర తడిసిపోయింది, కారానికి నా చేతులు మండుతున్నాయి. మా అత్త పక్కన పెట్టమని చెప్పినా నేను దాన్ని కింద పెట్టలేదు.